టోపీ లేని బొమ్మలు

మొన్న సోమవారం మా కాలేజీ తెరిచారు. రెండు నెలలు తాళం పడి ఉన్న బొమ్మల గది తలుపు తీసి బల్లలు సర్దుతుంటే, బీరువా కింది అరలోని చిన్న తగరపు డబ్బా దొర్లి మూత ఊడింది. గదంతా ఆముదం మసి వాసన. ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి పట్టిన మసి అది. మెత్తగా కాటుకలా ఉంటుంది, ముక్కుకు కొంచెం చేదుగా తగులుతుంది. కొత్తగా చేరిన పిల్లలు "ఏంటి మేడం ఈ వాసన?" అని ముక్కులు మూసుకున్నారు. నాకు కోపం వచ్చింది. పిల్లల మీద కాదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ముందు వచ్చేది కోపం, ఆ తర్వాతే ఏడుపు. చెంగల్రాయప్ప తాత గురించి ఇన్నేళ్ళూ ఒక్క ముక్క రాయకపోవడానికి కారణం కూడా ఆ కోపమే. రాయడానికి కూర్చుంటే అందులో సగం నా మీదికే తిరుగుతుంది. ఒక మనిషి పేరును తుడిచేశారు. తుడిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకని ఎవరినీ వదలకుండా, నన్ను కూడా వదలకుండా చెబుతాను.

చెంగల్రాయప్ప మాకు చుట్టం కాదు. కోలారు బంగారు గనుల దగ్గరి చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీల ఇళ్ళ వరసల్లో మా లైనుకు ఎదురు లైనులో చివరి ఇల్లు ఆయనది. చిత్తూరు వైపు నుంచి వాళ్ళ నాన్న గని పనికి వచ్చాడట. ఈయన మాత్రం గని లోపలికి దిగలేదు. గని వాళ్ళ పెయింట్ షాపులో ఉద్యోగం. గనిలోకి దిగే షాఫ్టు దగ్గర అపాయం బోర్డులు, లైను ఇళ్ళ నంబర్లు, అన్నీ ఆయన చేతి రాతలే. కన్నడం, తమిళం, తెలుగు, ఇంగ్లీషు నాలుగూ ఒకే అందంతో రాసేవాడు. చదివింది ఐదో తరగతి. గని మూతపడ్డాక బోర్డుల పని పోయింది గానీ, రెండో పని ఆగలేదు. ఆ రెండో పని చనిపోయినవాళ్ళ బొమ్మలు గీయడం. మా దగ్గర మగవాళ్ళకు ఫోటో అంటే చాలామందికి ఒకటే ఉండేది, గని పాసు మీద అంటించిన గోరంత ఫోటో. పనిలో చేరిన రోజు తీసింది. నెత్తిన గని టోపీ, గుడ్లు మిటకరించిన చూపు, పోలీసులు నిలబెట్టి తీసినట్టుండేది. మనిషి పోతే ఇంటావిడ ఆ పాసు పట్టుకుని తాత గడపలోకి వచ్చేది.

తాత పాసు ముట్టుకునేవాడు కాదు. "అది ఆడ పెట్టమ్మా. ముందు నువ్వు చెప్పు" అనేవాడు. ఫోటోలో కనపడనివి మూడు సంగతులు చెప్పాలి. అప్పుడే గీత మొదలు. కొందరు అరగంట ఏడ్చి ఒక్కటి చెప్పేవాళ్ళు. కొందరికి మూడోది దొరకక మరునాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. తాత విన్నదంతా గీయబోయే కాగితం వెనకవైపు పెన్సిలుతో రాసుకునేవాడు. అడుగున 'చెప్పినది ఫలానా, గీసినది చెంగల్రాయప్ప, పెయింట్ షాపు' అని రాసేవాడు. ఆ తర్వాతే కాగితం తిప్పి, గళ్ళు గీసి, పొడి కుంచెతో మసి అద్దడం. ముందువైపు ఆయన పేరు ఉండదు. బొమ్మ కింద చనిపోయినవాళ్ళ పేరు మాత్రమే, బోర్డుల మీద రాసినంత శ్రద్ధగా ఉండేది.

ఇంకొక పట్టుదల ఉండేది ఆయనకు. పాసు ఫోటోలో టోపీ ఉన్నా బొమ్మలో గీయడు. ఒకసారి ఊరిగాం నుంచి ఒక పెద్దాయన తమ్ముడి పాసు తెచ్చి, టోపీతోనే కావాలని పట్టుబట్టాడు. "మావోడు ఇరవై ఏండ్లు అండర్‌గ్రౌండ్ చేసినాడప్పా. టోపీ లేకుంటే ఎవురు గుర్తు పడతారు?" అన్నాడు. తాత కుంచె కింద పెట్టేశాడు. "షిఫ్ట్ అయిపోయినాది గదప్పా ఆయప్పకు. పైకి వచ్చేసినాడు. ఇంగ నెత్తిన టోపీ పెడితే మళ్ళా లోపలికి దించినట్టే. నేను దించను. వేరే ఎవురితోనైనా గీయించుకో, పో." ఆ పెద్దాయన విసవిసా వెళ్ళిపోయాడు. వారానికి మళ్ళీ వచ్చి, టోపీ లేకుండానే గీయించుకుపోయాడు.

మా నాన్న మునిరత్నం నా తొమ్మిదో ఏట పోయాడు. దగ్గి దగ్గి పోయాడు. మా అమ్మ కాంతమ్మ పాసు కొంగులో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని తాత దగ్గరికి వెళ్ళింది. అమ్మ ఏడవలేదు. ముళబాగిలు దగ్గర పల్లెలో రాగులు విసిరి పెరిగిన మనిషి, మాట గట్టిగా ఉంటుంది. "ఎడం కనుబొమ్మ కాడ తెగిన గుర్తు ఉండాది. నవ్వేదానికి ముందే కండ్లు నవ్వుతాయి. ఇంట్లోకి వచ్చేటప్పుడు తల వంచి వస్తాడు, వాకిలి తగలకపోయినా సరే" అని గడగడా చెప్పింది. ఆ మూడోది బొమ్మలో ఎలా పెడతాడని నాకు సందేహం. పది రోజులు రోజూ వెళ్ళి చూశాను. బొమ్మ పూర్తయ్యాక చూస్తే నాన్న మెడ కొంచెం ముందుకు వంగి ఉంది, గడప దాటి లోపలికి వస్తున్న మనిషిలా. పాసు ఫోటోలో నిటారుగా నిలబడ్డ కుర్రవాడికీ ఈయనకూ పొంతనే లేదు. ఈయన మా నాన్న. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి గడప వదల్లేదు.

పదేళ్ళు నేర్పాడు. మెచ్చుకోవడం ఆయన ఒంట్లో లేదు. "ముక్కు గీసినావు సరే, ఊపిరి యాడ?" అనేవాడు. ఆషాఢం గాలికి బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది బూడిద రంగు దుమ్ము లేచి ఇళ్ళలో పడేది. అప్పుడు కిటికీకి తడిగుడ్డ కట్టి, నన్ను గుడ్డ తడుపుతూ ఉండమని, తను గీసేవాడు. గుడ్డ ఆరితే తిట్లు. బెంగళూరులో బొమ్మల కాలేజీలో నాకు సీటు వచ్చినప్పుడు లైనంతా సంబరపడితే, ఆయన మాత్రం "పోయి నేర్చుకోని రా, నాకు తెలీనివి శానా ఉండాయి" అని మూకుడు కడుక్కుంటూ కూర్చున్నాడు. ఆ మూకుడు ఆ రోజు మూడుసార్లు కడిగాడని అమ్మ తర్వాత చెప్పింది.

మొదటి సంవత్సరం గడిచింది. సెలవుల్లో చేసిన పని రెండో సంవత్సరం మొదటి రోజు తేవాలని పోర్ట్రెయిట్ చెప్పే ప్రొఫెసరు చెప్పారు. ఆయనంటే కాలేజీలో హడల్. ఆయన్ని మెప్పించాలని నాకు ఒకటే యావ. మే నెలంతా తాత దగ్గర కూర్చుని మూడు బొమ్మలు గీశాను. మూడోదానికి గని టోపీ పెట్టి, దాని ముందుండే లాంతరు గాజు మీద మెరుపు అద్ది మురిసిపోయాను. తాత తడిగుడ్డ తీసి ఒక్క తుడుపుతో టోపీ మొత్తం తుడిచేశాడు. "ఎవురికి చూపించేదానికి పాపా ఇది? ఈయప్ప ఇంటోళ్ళకా, మీ సారుకా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ గీశాను, టోపీ లేకుండా. నా మూడింటితో పాటు తాత గీసిన నాన్న బొమ్మ కూడా పటంలోంచి తీసి తీసుకెళ్ళాను. గురువు పని ఎలా ఉంటుందో వాళ్ళూ చూడాలని నా ఉద్దేశం. అమ్మ ఇష్టం లేకుండానే ఇచ్చింది.

పొద్దున రైల్లో, బెంగళూరు పనులకు వెళ్ళే జనం మధ్య, ఆ బొమ్మల చుట్టను నెత్తి మీద ఎత్తి పట్టుకుని నిలబడే వెళ్ళాను. క్లాసులో అందరూ రంగురంగుల పెద్ద పెద్ద కాన్వాసులు ఆనించారు. నావి నలుపు తెలుపు ముఖాలు నాలుగు. ప్రొఫెసరు వచ్చి నిలబడ్డారు. "ఇదేమిటి, క్యాలెండరు ఆఫీసా?" అన్నారు. క్లాసు ఘొల్లుమంది. "ఫోటో చూసి పెద్దది చేయడం కళ కాదమ్మా, నకలు. ఇది నీకు ఎవరు నేర్పారు?" అన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను వేసుకున్నది చిన్నమ్మ కూతురి చుడీదారు, భుజాల దగ్గర వదులు. నోటికి ఏమొచ్చిందో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పేరు తెలియదు సార్. మా ఊళ్ళో బోర్డులు రాసేవాడెవరో" అన్నాను. ఆయన నాన్న బొమ్మను వేలితో చూపించి "ఇతను?" అన్నారు. "ఎవరో గని కార్మికుడు సార్" అన్నాను.

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాను. నేను ఏరు దాటకముందే తగలేశాను. రెండు మాటల్లో ఇద్దరిని చంపాను, ఒకరిని రెండోసారి. ఆ వారాంతం నాన్న బొమ్మ తిరిగి ఇచ్చేద్దామని ఇంటికి వెళ్తే తాత వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. "ఏమన్నాడు మీ సారు?" అన్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. "బాగున్నాయన్నారు తాతా" అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది! లైనులో కనబడినవాళ్ళందరికీ చెప్పాడు, బెంగళూరులో పెద్ద సారు మన పని బాగుండాదన్నాడంట అని. ఆ తర్వాత నేను మసి డబ్బా ముట్టలేదు. రంగులు పూసుకుంటూ డిగ్రీ ముగించాను. కోలారులో, ఇప్పుడున్న ఈ కాలేజీలోనే, డ్రాయింగ్ చెప్పే ఉద్యోగం దొరికింది. ఇంటికి వెళ్ళినా ఎదురు లైను వైపు తక్కువగా వెళ్ళేదాన్ని. వెళ్తే ఆయన అదే మాట ఎత్తేవాడు, పెద్ద సారు ఏమన్నాడో.

ఆరేళ్ళు గడిచాయి. ఒక సెలవు నాడు పాత క్లాస్‌మేటు ఫోన్ చేసి, మన ప్రొఫెసరు మీ ఊరి బొమ్మలతో ఏదో ప్రదర్శన పెట్టారు, వచ్చి చూడు అంది. వెళ్ళాను. పెద్ద తెల్ల హాలు. గోడ మీద ప్రొఫెసరు పేరు జానెడు అక్షరాలతో రాసి ఉంది. ఆ కింద వరసగా చెంగల్రాయప్ప తాత బొమ్మలు ఇరవై దాకా ఉన్నాయి. ప్రతి బొమ్మ పైన మేకుకి ఒక పాత గని టోపీ వేలాడదీశారు. సరిగ్గా తల మీదికి వచ్చేటట్టు! నాలుగో బొమ్మ మా నాన్న. కొత్త పటం కట్టారు. చుట్టూ వెడల్పాటి తెల్ల అట్ట వేసి, కింద పేరున్న భాగాన్ని కప్పేశారు. పక్కన చిన్న చీటీ. 'గని కార్మికుడు, పేరు తెలియదు. చిత్రకారుడు, పేరు తెలియదు.' ఆ బొమ్మ మా ఇంట్లో ఉండాలి కదా, ఇక్కడికెలా వచ్చింది? తర్వాత తెలిసింది, వ్యాను వేసుకుని ఎవరో లైన్లలో తిరిగి, నెల రోజుల్లో తిరిగి ఇస్తామని తీసుకెళ్ళారట. మీ అమ్మాయి చదివిన కాలేజీ వాళ్ళమే అన్నారట. ఆ మాటకే అమ్మ ఇచ్చింది.

ప్రొఫెసరు ఆ బొమ్మ ముందే నిలబడి ఎవరికో చెబుతున్నారు. ఈ మెడ వంపు చూడండి, ఈ చేతికి పేరు లేదు, పేరు లేకపోవడమే దీని అందం అంటున్నారు. అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు. మా నాన్న మెడ ఎందుకు వంగిందో నాకు ఆయన చెబుతాడట! పైగా పేరు లేకపోవడం అందమట! అంత అందమైతే తన పేరు గోడకు ఎందుకు ఎక్కించుకున్నాడు? నాడు నకలన్నది ఈ బొమ్మనే కదా, ఇవాళ కళ ఎప్పుడయింది? దగ్గరికి వెళ్ళి "సార్, దీని కింద పేరు ఉంది. మీ అట్ట కప్పేసింది" అన్నాను. ఆయన గుర్తుపట్టారు. నవ్వారు. "నువ్వే కదమ్మా ఆ రోజు క్లాసులో చెప్పావు, ఇద్దరి పేర్లూ తెలియవని. నీ వల్లే నాకు ఈ ఆలోచన వచ్చింది" అన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇరవై మంది పేర్లు లేకుండా పోవడానికి మొదటి చీటీ రాసింది నేనే. బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రమే తాత ఇంటికి వెళ్ళాను. ఆయన కళ్ళకు పొర వచ్చి, పని మానేసి ఏడాది అయింది. వాకిట్లో మూకుడు బోర్లించుకుని ఊరికే కూర్చున్నాడు. అంతా చెప్పాను. టోపీల సంగతి చెబుతుంటే లేచి నిలబడ్డాడు. "టోపీలా? అందరికీనా? ఎవుడు పెట్టినాడు? ఎవురిని అడిగి పెట్టినాడు?" అని అరిచాడు. పేర్లు కప్పేశారంటే చేతికర్ర నేల మీద కొట్టాడు. "కింద అంత పెద్దగా రాసినా గదా! కాగితం తిప్పి చూస్తే నా పేరూ ఉండాది. తిప్పి చూడనోడు ఏం చదువుకున్నాడు వాడు!" అన్నాడు. అప్పుడు నేను నా సంగతి చెప్పాను, ఆ రోజు క్లాసులో అన్న రెండు మాటలూ, బాగున్నాయన్నారని చెప్పిన అబద్ధమూ. తాత చేతికర్ర పక్కన పెట్టాడు. కూర్చున్నాడు. "బోర్డులు రాసేవాడు అంటివి. అది నిజమే గదా, రాసినా. పేరు తెలీదంటివే పాపా, అది ఎట్ల అంటివి?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే బాగుండేది. కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కున్నాడు. "నా కాళ్ళు ఎందుకు? ముందు పోయి మునిరత్నం నెత్తిన టోపీ తియ్యి పో" అన్నాడు.

మరుసటి ఆదివారం అమ్మను తీసుకుని వెళ్ళాను. రైల్లో దారి పొడవునా అమ్మకు ఉన్నదంతా చెప్పాను. అమ్మ నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికే చూసింది. హాల్లోకి వెళ్ళగానే ఎవరినీ అడగకుండా నాలుగో బొమ్మ దగ్గరికి నడిచి, అక్కడున్న కుర్చీ లాక్కుని ఎక్కి, మేకుకున్న టోపీ తీసి నేల మీద పెట్టింది. కాపలా అతను పరుగెత్తి వచ్చాడు. "ముట్టుకోకూడదమ్మా!" అన్నాడు. "ఈయప్ప నా మొగుడు. షిఫ్ట్ అయిపోయి శానా దినాలు అయినాది. ఇంగ టోపీ ఎందుకు?" అంది అమ్మ. జనం మూగారు. ప్రొఫెసరు వచ్చారు. ఈసారి నేను బయటికి వెళ్ళిపోలేదు. పటం దించి, వెనక అట్ట ఊడబీకి, కాగితం తిప్పి ఆయన ముందు పెట్టాను. పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. "ఏమి రాసుంది? నాకు తెలుగు చదవడం రాదు" అన్నారాయన. చదవబోయాను. అమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. అమ్మకు చదువు రాదు. కానీ చెప్పడం మొదలుపెట్టింది. "ఎడం కనుబొమ్మ కాడ తెగిన గుర్తు ఉండాది. నవ్వేదానికి ముందే కండ్లు నవ్వుతాయి. ఇంట్లోకి వచ్చేటప్పుడు తల వంచి వస్తాడు..." కాగితం మీద నా వేలు ఒక్కో మాట కింద కదులుతూ వెళ్ళింది. పదిహేడేళ్ళ కింద చెప్పిన మాటలు. ఒక్కటీ తప్పలేదు. చివరి వరస మాత్రం నేను చదివాను, హాలంతా వినపడేటట్టు. "గీసినది చెంగల్రాయప్ప, పెయింట్ షాపు." తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగి, "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను సార్. ఇతను మా నాన్న, మునిరత్నం. నాకు నేర్పింది ఈ చెంగల్రాయప్ప" అన్నాను.

ఆయన తలవంచుకుంటాడని మీరు అనుకుంటే పొరపాటు. చీటీలు మారుస్తాం, దానికొక పద్ధతి ఉంటుంది, కమిటీని అడగాలి అన్నారు. కట్టుకున్న మనిషి పేరు చెప్పడానికి కమిటీ! అమ్మ బొమ్మను చంకలో పెట్టుకుంది. "మీ పద్ధతి మీ కాడ పెట్టుకోండప్పా. మా ఆయన్ని నేను ఇంటికి పిల్చుకుపోతా" అని నడిచింది. మిగతా బొమ్మల ఇళ్ళన్నింటికీ మేమే తిరిగి చెప్పాం. ఒక్కొక్కరే వెళ్ళి, తిప్పి చూపించి, తెచ్చుకున్నారు. ప్రదర్శన గడువుకు ముందే ఆ గోడ ఖాళీ అయింది. మేకులకు టోపీలు మాత్రం మిగిలాయని ఎవరో చెప్పారు. తాతకు ఆ మాట చెబితే, నన్ను క్షమించాడో లేదో గానీ, మసి డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఆరనియ్యొద్దు" అన్నాడు. తడిగుడ్డ గురించి అన్నాడో, పని గురించి అన్నాడో నేను అడగలేదు. ఆ మరుసటి ఆషాఢంలో పోయాడు. పెళ్ళాం బిడ్డలు లేని మనిషి. మూడు సంగతులు చెప్పడానికి ఎవరూ లేరు. నేనే చెప్పుకుని, నేనే కాగితం వెనక రాసుకుని, గీశాను. ఆ మూడూ ఏమిటో ఇక్కడ రాయను. కాగితం తిప్పి చూసినవాళ్ళకే తెలుస్తాయి.

ఆ బొమ్మ మా కాలేజీలో బోర్డు పక్కన ఉంటుంది. ప్రతి చదువుల సంవత్సరం మొదటి రోజు నేను పిల్లల చేత పెన్సిళ్ళు కింద పెట్టిస్తాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి ముందు వినమంటాను. విన్నది వెనక రాయమంటాను, చెప్పినవాళ్ళ పేరుతో సహా. మొన్న సోమవారం, మసి వాసనకు ముక్కు మూసుకున్న వాళ్ళలోనే ఒక పిల్ల లేచి, "ఈ పద్ధతి మీకు ఎవరు నేర్పారు మేడం?" అంది. క్లాసంతా నా వైపు చూసింది. ఏటా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ఏటా ఆ క్షణంలో ఆ వదులు చుడీదారు మళ్ళీ నా భుజాల మీదికి వస్తుంది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద, ఆయన రాసినంత అందంగా రాకపోయినా, పెద్ద అక్షరాలతో ఆయన పేరు రాశాను. ఆ కిందే నాన్న పేరు కూడా రాశాను. అప్పుడు పిల్లల వైపు తిరిగి, "చెబుతాను, కూర్చోండి. ముందు నేను చెప్పిన అబద్ధంతో మొదలుపెడతాను" అన్నాను.